అమ్మకాలు పెరిగాయి, మిగిలేది పెరగలేదు. ఎక్కడ వెతకాలి?

జమాఖర్చు

పైపులు, ఫిట్టింగులు, ఎలక్ట్రికల్ సామాను అమ్ముతాం. వెనకాలే చిన్న రిపేరు వర్క్‌షాపు. 100 అమ్మితే సరుకు ఖరీదు 72, జీతాలు, అద్దె, కరెంటు వగైరా 22, చివరికి 6. రెండేళ్ల కిందట ఈ 6 స్థానంలో 7 ఉండేది. ఈ రెండేళ్లలో అమ్మకాలు 15 శాతం పెరిగాయి కాబట్టి చేతికొచ్చే మొత్తం ఇంచుమించు అక్కడే ఆగింది. ప్రకటనలు, డిస్కౌంట్లు అయిపోయాయి. కొత్త కస్టమర్ల సంగతి కాకుండా, ఉన్న వ్యాపారంలోనే మామూలుగా ఎవరూ చూడని చోట్లు ఏమున్నాయో చెప్పండి. "ఖర్చులు తగ్గించుకోండి" లాంటివి కాకుండా, ఏ కాగితం తీయాలి, ఏది కొలవాలి అన్నది కావాలి.

గల్లాపెట్టె

ముందు రెండు ప్రశ్నలు. ఆ 22లో మీ జీతం ఉందా? లేకపోతే ఆ 6 లాభం కాదు, మీ కూలి. మీ పనికి బయటి మనిషిని పెడితే ఎంతివ్వాలో అంత ఖర్చు కింద రాసి మళ్ళీ చూడండి. రెండోది, ఆ 15 శాతం పెరిగింది డబ్బులోనా, సరుకులోనా? కంపెనీలు రేట్లు పెంచితే ఒక్క పైపు ఎక్కువ అమ్మకపోయినా అమ్మకాలు పెరిగినట్టే కనిపిస్తాయి.

ఇక అసలు విషయం. ఇప్పుడు మిగిలేది 6. ఎక్కడో కారిపోతున్న 1 ఆపగలిగితే లాభం ఆరో వంతు పెరుగుతుంది. అదే 1 కొత్త అమ్మకాల మీద రావాలంటే, మిగతా ఖర్చులు అసలు పెరగవనుకున్నా ఇంకో 3.6 అమ్మాలి, ఎందుకంటే 100 అమ్మితే సరుకు ఖరీదు 72 పోను మిగిలేది 28.

నిన్నటి నుంచి వెనక్కి 50 బిల్లులు తీయండి. ప్రతి లైనుకీ నాలుగు అంకెలు రాయండి: చీటీ మీద ధర, నిజంగా వసూలైన ధర, ఆఖరిసారి కొన్న ధర (రవాణా, దింపుడు కూలి కలిపి), వసూలైన ధర మీద మిగిలింది ఎంత శాతం. తక్కువ నుంచి ఎక్కువకి సర్దండి. సాఫ్ట్‌వేర్ చూపించే సగటు కొనుగోలు ధర మాత్రం వాడొద్దు. పాత చవక సరుకు, కొత్త ఖరీదు సరుకు కలిపేసి అది నష్టాన్ని కప్పేస్తుంది. రేపు మళ్ళీ కొనాల్సింది కొత్త ధరకే కదా.

ఈ పట్టికలో తరచూ బయటపడేది మార్జిన్ లెక్కలో తప్పు. 28 శాతం మిగలాలని కొన్న ధరకి 28 శాతం కలుపుతారు. 100కి కొంటే 128కి అమ్ముతారు. కానీ 128లో 28 అంటే 21.9 శాతమే. 28 మిగలాలంటే కొన్న ధరని 0.72తో భాగించాలి. అప్పుడు వచ్చేది 138.9. ఒక్క కూడికలో 11 పోయింది, ఎవరూ దొంగిలించలేదు.

డిస్కౌంటు కూడా మీ అంకెలతోనే చూడండి. 28 మిగిలే వస్తువు మీద 10 శాతం తగ్గిస్తే 18 మిగులుతుంది. పాత మొత్తం రావాలంటే 56 శాతం ఎక్కువ సంఖ్యలో అమ్మాలి. 5 శాతం తగ్గించినా 22 శాతం ఎక్కువ అమ్మాలి. తిరగేసి చూస్తే, 3 శాతం ధర పెంచితే అమ్ముడయ్యే సంఖ్య దాదాపు 10 శాతం పడిపోయేదాకా మీకు నష్టం లేదు.

జమాఖర్చు

నా జీతం 22లో ఉంది. రేట్ల సంగతి నిజమే, సంఖ్యలో పెరిగింది చాలా తక్కువ. కానీ ధర పెంచడం అంటే భయం. పక్కనే ఇంకొకరు ఇదే సరుకు అమ్ముతున్నారు.

గల్లాపెట్టె

అన్నిటి మీదా పెంచమని కాదు. కస్టమరుకి ధర నోటికొచ్చిన వస్తువులు ఏ వ్యాపారంలోనైనా కొన్నే ఉంటాయి. వాటితోనే మిమ్మల్ని పక్కవాళ్లతో పోలుస్తారు, వాటి జోలికి పోవద్దు. ఏడాదికోసారి కొనేవి, అర్జంటుగా కావాల్సివచ్చేవి, పెద్ద బిల్లు చివర్లో చేరే వాషర్లు, క్లాంపులు, అడాప్టర్లు: వీటి ధర ఎవరికీ గుర్తుండదు. 30 రకాలు ఎంచి 4 శాతం పెంచి రెండు నెలలు సంఖ్య చూడండి. పడిపోతే వెనక్కి తేవడానికి ఒక చీటీ మార్చడమేగా.

ఇంకొకటి, కౌంటర్లో ఉన్న ప్రతి మనిషికీ తగ్గించే అధికారం ఉంటే అది మీ మార్జిన్‌ని వాళ్ల చేతికిచ్చినట్టే. తగ్గింపుని బిల్లులో వేరే లైనుగా, ఎందుకిచ్చారో ఒక్క మాటతో రాయమనండి. రాయాలి అనేసరికే చాలా తగ్గింపులు ఆగిపోతాయి.

తూకంరాయి

మీ సరుకులో కోసి అమ్మేవి ఉన్నాయి కాబట్టి కత్తెర దగ్గర నిలబడి చూడండి. 100 మీటర్ల కేబుల్ చుట్టని సగటున 5 మీటర్ల ముక్కలుగా అమ్మితే 20 కోతలు. కొలిచేవాడు మంచితనానికి ప్రతిసారీ 12 సెంటీమీటర్లు ఎక్కువ వదిలితే 2.4 మీటర్లు. అంటే 2.4 శాతం, మీకు మిగిలే 28లోంచే. దానికి తోడు పాత టేపు కొక్కెం వంగి ఉంటుంది, లేదా మొదటి సెంటీమీటరు అరిగిపోయి ఉంటుంది. కౌంటరు అంచుకి లోహపు స్కేలు బిగించి, సున్నా దగ్గర ఆపుడు బద్ద పెట్టండి. చేత్తో బారలు కొలవడం పూర్తిగా మానిపించండి. కొలత తక్కువ రాకూడదు, అది వేరే తప్పు. సరిగ్గా రావాలి, అంతే.

పైపులో ఇంకా ఎక్కువ పోతుంది. 6 మీటర్ల పైపు, కస్టమరుకి 2.5 మీటర్లు కావాలి. అలాంటివి ఇద్దరికి కోస్తే 1 మీటరు తుక్కు మిగులుతుంది. పైపు ధరని 6తో భాగించి మీటరు ధర కట్టారంటే ఆ 1 మీటరు, అంటే 16.7 శాతం, మీ నెత్తినే. కోసి ఇచ్చే మీటరుకి వేరే ధర ఉండాలి, పైపు మొత్తం తీసుకుంటే వేరే ధర. ముక్కల్ని పొడవు రాసి నిలబెట్టే అర ఒకటి పెట్టి, కొత్త పైపు ముట్టుకునే ముందు అక్కడ చూడాలన్న నియమం పెట్టండి. పొడవు రాయని ముక్క ఎవరూ వాడరు, తుక్కులోకే పోతుంది.

పోయిన సరుకు లెక్క కూడా ఒకసారి: 72 పెట్టి కొన్న వస్తువు పగిలినా, మాయమైనా ఆ డబ్బు తిరిగి రావడానికి అదే వస్తువు దాదాపు మూడు అమ్మాలి. ఏడాదికోసారి మొత్తం స్టాకు లెక్కపెట్టడం వల్ల తేడా ఎంతో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. రోజూ పొద్దున్నే 10 రకాలు లెక్కపెట్టండి, ఎక్కువ తిరిగేవి నెలకోసారైనా వంతుకు వచ్చేలా. తేడా వచ్చిన రోజే కారణం దొరుకుతుంది. చాలాసార్లు దొంగతనం కాదు, పెట్టెగా కొన్నది విడిగా అమ్మేటప్పుడు సంఖ్య తప్పుగా ఎక్కడమే.

కదలనిసరుకు

మార్జిన్ శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. రెండు వస్తువులు, ఒక్కోదానిలో 1000 పెట్టుబడి. మొదటిదానికి అమ్మే ధర మీద 15 శాతమే మార్జిన్, కానీ ఏడాదికి 12 సార్లు తిరుగుతుంది, అంటే అమ్ముడై మళ్ళీ సరుకు కొంటారు. రెండోదానికి 45 శాతం, ఏడాదికి ఒక్కసారే. మొదటిది ఏడాదిలో దాదాపు 2118 మిగులుస్తుంది, రెండోది 818. ఏడాది స్థూల లాభాన్ని (అమ్మిన మొత్తంలోంచి సరుకు ఖరీదు పోను మిగిలింది) ఆ రకం మీద సగటున ఇరుక్కున్న పెట్టుబడితో భాగించండి. 1 కన్నా తక్కువ వచ్చినవన్నీ ఒక పక్కన పెట్టి అడగండి, ఇది ఎందుకు ఉంది అని.

180 రోజులుగా కదలనివి విడిగా రాయండి. "కొన్న ధరైనా రావాలి కదా" అని పట్టుకు కూర్చునేది ఇక్కడే. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. 100కి కొన్నది 60కి పోయినా, ఆ 60ని మొదటి రకం సరుకులో పెడితే, గిరాకీ ఉన్నంత మేరకు, ఏడాదిలో 127 స్థూల లాభం తెస్తుంది. అరలో ఉంటే దుమ్ము తెస్తుంది. ముందు సప్లయర్ని మార్పిడి అడగండి, డబ్బు వెనక్కివ్వనివాళ్లలో కూడా కొందరు తిరిగే సరుకుతో మార్చడానికి ఒప్పుకుంటారు. కుదరకపోతే వర్క్‌షాపులో వాడండి, ఆ తర్వాతే తగ్గించి అమ్మండి.

ఒక్క జాగ్రత్త. నెమ్మదిగా కదిలేవన్నీ పనికిరానివి కావు. కొన్ని అరుదైన సైజులు ఏడాదికి మూడే పోతాయి, కానీ అవి దొరుకుతాయనే కస్టమరు పెద్ద జాబితాతో మీ దగ్గరికి వస్తాడు. తీసేసే ముందు ఆ వస్తువున్న పాత బిల్లుల మొత్తం ఎంతో చూడండి.

పానా

వర్క్‌షాపు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో మీ లీకేజీ సగం అక్కడే ఉంటుంది.

ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు: మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము, తీసుకున్న సామాను. రెండు వారాలు చాలు. 8 గంటల జీతంలో బిల్లులోకి ఎక్కినవి 5 కూడా లేవని తేలితే ఆశ్చర్యపోవద్దు. మిగతావి సామాను వెతకడంలో, ఫోన్లో, రాకపోకల్లో, చేసిన పని మళ్ళీ చేయడంలో పోతాయి. మళ్ళీ చేసిన పనులకి ఎర్ర కార్డు వాడండి. ఒకే రకం పని మీద ఎర్ర కార్డులు పోగైతే తప్పు మనిషిది కాదు, విడిభాగానిదో పద్ధతిదో. సీలెంటు, టేపు, సోల్డరు, స్క్రూలు ఎవరూ బిల్లులో వేయరు. నెలకి ఎంత వాడారో తీసి పనుల సంఖ్యతో భాగించి, ఆ మొత్తం ప్రతి బిల్లులో స్థిరంగా ఒక లైను వేయండి.

ఏ పని తీసుకోవాలన్నది బిల్లు సైజు చూసి తేల్చొద్దు. 900 బిల్లు, 300 సామాను, 2 గంటలు: గంటకి 300. 500 బిల్లు, 100 సామాను, 1 గంట: గంటకి 400. మనుషులు ఖాళీగా ఉంటే రెండూ తీసుకోండి. పని క్యూలో ఉంటే మాత్రం రెండోదే ముందు.

కంప్రెసర్ (పనిముట్లకి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం) ఉంటే ఒక పరీక్ష. సాయంత్రం పనిముట్లన్నీ ఆపి, కంప్రెసర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. మోటారు ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది అని 5, 6 సార్లు సెకన్లలో రాయండి. నడిచిన సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే అదే లీకు. 90 సెకన్లు నడిచి 210 ఆగితే 30 శాతం. 10 లోపుంటే సరే అనుకోవచ్చు. సబ్బు నీళ్లు పూసి చూడండి: క్విక్ కప్లర్లు, హోస్ క్లిప్పులు, ఫిల్టరు గిన్నె. ముఖ్యంగా ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు. నీళ్లు పోవాలని కొంచెం తెరిచి వదిలేస్తారు, అది రోజంతా కరెంటుని గాల్లోకి వదిలినట్టే. ఒత్తిడి 8 బార్లు అవసరమా, 7 సరిపోతాయా అన్నదీ చూడండి. ఆ ఒక్క బారు తగ్గిస్తే కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది.

వడ్డీలెక్క

అరువు ఎంతుంది? మీకు అప్పు ఏడాదికి 12 శాతం పడుతుంటే, 60 రోజుల అరువు 2 శాతం తినేస్తుంది. మిగిలే 6లో అది మూడో వంతు. నెల 3న ముగిసిన పనికి నెలాఖరున బిల్లు పంపితే ఆ 27 రోజులు మీరే ఇచ్చిన అరువు, కస్టమరు అడగను కూడా లేదు. పని ముగిసిన రోజే బిల్లు వెళ్లాలి.

కొనే వైపు కూడా అంతే. "10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదా 30 రోజులకి పూర్తి మొత్తం" అని సప్లయర్ అంటే, ఆ 20 రోజుల ఆలస్యానికి మీరు కడుతున్నది ఏడాదికి 37 శాతం వడ్డీ. అప్పు తెచ్చైనా ముందే కట్టేయండి. ఆరు నెలల సరుకు ఒకేసారి కొంటే ఇచ్చే తగ్గింపు మాత్రం ఇది కాదు, దాన్ని పైన చెప్పిన తిరుగుడు లెక్కతో చూడాలి.

ప్రతి కొనుగోలు బిల్లునీ ఆర్డరుతో, సరుకు దిగిన చీటీతో సరిపోల్చాకే కట్టండి. వెనక్కి పంపిన సరుకు తాలూకు క్రెడిట్ నోట్లు (ఆ డబ్బు మీకు జమ అని సప్లయర్ ఇచ్చే కాగితాలు) విడిగా ఒక పుస్తకంలో రాయండి, అడగకపోతే రావు.

జమాఖర్చు

50 బిల్లులు అయ్యాయి. 10 శాతం లోపు మిగిలిన లైన్లు 7 వచ్చాయి. అందులో 5 ఒకే ఎల్బో ఫిట్టింగు. దాని మీద 28 వేసే ధర కట్టాం, 0.72తోనే. తెలిసిన ప్లంబర్లకి 5 శాతం తగ్గిస్తాం, అంతే. 10 లోపుకి ఎలా పడిందో అర్థం కావడం లేదు.

తూకంరాయి

పెట్టె విప్పి లెక్కపెట్టండి. ఈమధ్య పెట్టెలో సంఖ్య తగ్గిందేమో.

జమాఖర్చు

12 ఉండేవి. ఇప్పుడు 10. పెట్టె ధర మాత్రం మారలేదు, అందుకే ఎవరూ గమనించలేదు.

గల్లాపెట్టె

అయితే అదే. పెట్టె 720 అనుకోండి. మీ సిస్టంలో ఒక్కోటి 60, మీరు పట్టికకి తీసిన కొనుగోలు బిల్లు ప్రకారం నిజంగా 72. 60ని 0.72తో భాగిస్తే 83.3, అదే మీ చీటీ ధర. 5 శాతం తగ్గిస్తే 79.2. అందులోంచి 72 పోతే 7.2, అంటే 9 శాతం. స్టాకు లెక్క కూడా పెట్టెకి రెండు చొప్పున తేడా చూపిస్తుండాలి. ఎవరినైనా అనుమానించి ఉంటే ముందు అది సరిదిద్దండి, తర్వాత అదే కంపెనీ మిగతా పెట్టెలన్నీ విప్పి చూడండి.