చర్చ: నాయకుల బంధువులకు కాలువ పనులు ఇవ్వకూడదని నిబంధన పెట్టాలా?

శివారు రైతు, భీమవరం వైపు

దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడిక తీయాలి, గుర్రపుడెక్క, తూడు లాగెయ్యాలి. టైము లేదన్న సాకుతో పనిని ముక్కలు చేసి, టెండరు పిలవకుండా నామినేషన్ మీద ఇచ్చేస్తున్నారు. మా దగ్గర అంచనా తయారవకముందే ఆ పని ఎవరిదో ఊరంతా చెబుతుంది: నాయకుడి బావమరిదిది, లేదా తోడల్లుడిది. ఏ పార్టీ వచ్చినా ఇదే తీరు. పొక్లెయిన్ గట్టు మీద నుంచి అందినంత మేర గీకుతుంది, నడిమధ్య మేట అలాగే ఉంటుంది. తీసిన మట్టి గట్టు అంచునే పోస్తారు, నాలుగు వానలకి మళ్లీ కాలువలోకే జారుతుంది. నీళ్లొచ్చాక కొలిచేదెవరు? ఎండేది కాలువ చివరనున్న మా శివారు చేలు. ఈ బంధుప్రీతికి నిబంధనతోనే అడ్డుకట్ట వేయాలంటాను.

అమలాపురం లాయరు

మీ బాధ న్యాయమైనదేనండి. కానీ ఒకరికి బావమరిది కావడం నేరం కాదు. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. పైగా మీరు అడ్డుకుంటే రేపు డ్రైవరు పేరు మీద కాంట్రాక్టరు లైసెన్సు తీస్తారు. ఇవాళ బంధుత్వం కనిపిస్తోంది కాబట్టి అడగగలుగుతున్నారు. బినామీ వస్తే ఎవర్ని అడుగుతారు? ఇది ఓటుతో తేల్చుకోవాల్సిన విషయం.

శివారు రైతు

లాయరు గారూ, ఇంజినీర్లకి ఈ కట్టుబాటు ఎప్పట్నుంచో ఉంది కదండీ. దగ్గరి బంధువు ఇంజినీరుగానో, డివిజనల్ అకౌంటెంటుగానో ఉన్న సర్కిల్లో, అంటే ఆ శాఖాఫీసు పరిధిలో, కాంట్రాక్టరు టెండరు వేయకూడదని కేంద్ర ప్రజాపనుల శాఖ షరతుల్లోనే ఉంది. ఆ ఇంజినీరుని బదిలీ చేయించగల నాయకుడి చుట్టానికి మాత్రం అడ్డు లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 9ఎ సెక్షను చూడండి. ప్రభుత్వంతో కాంట్రాక్టు తన పేరున ఉంటేనే సభ్యుడు అనర్హుడవుతాడు. తమ్ముడి పేరున ఉంటే ఏమీ కాదు. నేనడిగేది ఆ సందు మూయమని. వృత్తి మానుకోమనట్లేదు, ఆ నియోజకవర్గం వదిలి బయట టెండరులో పోటీపడమంటున్నా. ఫ్రాన్స్‌లో 2017లో మంత్రులు, ఎంపీలు భార్యాబిడ్డల్ని సహాయకులుగా పెట్టుకోకూడదని చట్టమే చేశారు.

కోనసీమ ఆడపడుచు

నిబంధన ఒక్కటే చాలదండి. ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగంలో రాజకీయ వంశాల మీద నిషేధం రాసుకున్నారు, దాన్ని అమల్లో పెట్టే చట్టం మాత్రం అక్కడి చట్టసభ చేయలేదు. ఆ సభలో కూర్చున్నది ఆ కుటుంబాలే మరి. మనకి 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి. కాలువ బాగోగులు రైతు చూసుకోవాలనే కదా అవి పెట్టింది? మా ఊళ్లో అధ్యక్షుడు ఏకగ్రీవం, ఆయనా నాయకుడి ఇంటివాడే. అందుకే నా పట్టు కొలతల మీద. పని మొదలవకముందు ఒకసారి, నీళ్లు వదలకముందు ఒకసారి, శివారు రైతుల ఎదురుగా టేపు పెట్టి లోతు, వెడల్పు కొలవాలి. ఎం-బుక్‌లో, అంటే ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, రాసిన అంకెలే లాకుల దగ్గర బోర్డు మీద రాయాలి. అది జరక్కుండా బిల్లు పెట్టకూడదు. అప్పుడు బినామీ వచ్చినా మట్టి తీయక తప్పదు.

అమలాపురం లాయరు

కొలతల మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటానమ్మా. నిషేధం దగ్గరే నా అభ్యంతరం. దగ్గరి బంధువంటే ఎంతవరకు? మన కోనసీమలో వరసలు కలుపుకుంటూ పోతే మండలమంతా చుట్టాలే.

శివారు రైతు

ఎంతవరకో కొత్తగా రాయక్కర్లేదండి. ఇందాక చెప్పిన షరతులోనే రాసుంది: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, బాబాయి పిల్లల దాకా. భార్య లేదా భర్త వైపు అవే వరసలవాళ్లు కూడా. బావమరిది అందులో ఉన్నాడు.