నొక్కితే అతుకు వెంట విచ్చుకున్న పైపు: లోపం ఎక్కడ జరిగి ఉంటుంది?

కొలబద్ద:
నమస్కారం. ప్లాంటులో చల్లబరిచే నీటి లైను కోసం ఈఆర్‌డబ్ల్యూ (ఎలక్ట్రిక్ రెసిస్టెన్స్ వెల్డెడ్, అంటే విద్యుత్తుతో పొడవునా అతికించిన) పైపులు వచ్చాయి. బయటి వ్యాసం 168.3 మిల్లీమీటర్లు, గోడ మందం 7.1 మిల్లీమీటర్లు, ఏఎస్‌టీఎం ఎ53 (ఉక్కు పైపులకు అమెరికా ప్రమాణం) గ్రేడ్ బి. లైనులో పీడనం 10 బార్ దాటదు. వచ్చిన సరుకును పరీక్షించి స్టోరులోకి తీసుకోవడం నా పని. ఈ పనికి కొత్తవాడిని.

నిన్న ఒక పైపు చివర నుంచి 100 మిల్లీమీటర్ల రింగు కోసి ప్రెస్సు కింద పెట్టి నొక్కాను. ఎత్తు 130 మిల్లీమీటర్లకు దిగేసరికి టప్పుమని శబ్దం వచ్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అతుకు వెంటే విచ్చుకుంది. మిగతా చుట్టుకొలతలో ఎక్కడా గీత కూడా లేదు. విచ్చుకున్న ముఖం చిరిగిన ఉక్కులా గరుకుగా లేదు. తడిగుడ్డతో తుడిచిన పలకలా బూడిద రంగులో చదునుగా ఉంది.

మిల్లు ఇచ్చిన సర్టిఫికెట్లో హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి పీడనం పెట్టే పరీక్ష) పాస్ అని ఉంది. మా పెద్దాయన మాత్రం "అతుకు పైపు అంటేనే అంత" అని తేల్చేశారు. నా సందేహాలు రెండు. అంత పీడనం తట్టుకున్న పైపు ప్రెస్సు కింద ఎందుకు విచ్చుకుంది? రెండోది, అతుకులో వెల్డింగ్ కడ్డీ పోసిన జాడే లేదు. కడ్డీ లేకుండా అసలు ఎలా అతికిస్తారు?

నిప్పురవ్వ:
జవాబు చెప్పే ముందు ఒక మాట. నొక్కినప్పుడు అతుకు ఎటువైపు ఉంది? పై ప్లేటు కిందా, పక్కనా?

కొలబద్ద:
పక్కన. గడియారంలో మూడు గంటల స్థానంలో.

పాతకాపు:
ఇంత చర్చ ఎందుకండీ? అతుకు లేని పైపు తెప్పించుకోండి, హాయిగా నిద్రపోండి. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే.

నిప్పురవ్వ:
పాతకాపు గారి నిద్ర సంగతి తర్వాత చూద్దాం. కొలబద్ద గారూ, మీరు పెట్టిన స్థానం సరైనదే. అతుకు పక్కన ఉంటే దాని బయటి అంచు సాగుతుంది, పైన ఉంటే లోపలి అంచు సాగుతుంది. రెండు రకాలుగానూ నొక్కి చూడాలి. ఎ53 ప్రకారం, ఈఆర్‌డబ్ల్యూ పైపులో ప్లేట్ల మధ్య దూరం బయటి వ్యాసంలో మూడింట రెండు వంతులకు తగ్గేదాకా అతుకు దగ్గర పగులు రాకూడదు. మీ పైపుకు అది దాదాపు 112 మిల్లీమీటర్లు. మీది 130 దగ్గరే పోయింది. ఆ రింగు ఫెయిల్ అయినట్టే, అందులో వాదన లేదు.

ఇక కడ్డీ సంగతి. ఈఆర్‌డబ్ల్యూలో బయటి లోహం చుక్క కూడా కలవదు. ముందుగా వెడల్పాటి హాట్ రోల్డ్ కాయిల్‌ను, అంటే వేడి మీద పలచగా చేసి చుట్టిన ఉక్కు రేకు చుట్టను, కావలసిన వెడల్పుకు పొడవునా చీలుస్తారు. మీ పైపుకు ఆ వెడల్పు సుమారు 506 మిల్లీమీటర్లు, దాని మీద అతుకులో నలిగిపోయే వాటా కొద్ది మిల్లీమీటర్లు. వ్యాసంలోంచి మందం తీసేసి పై (3.14) తో గుణిస్తే ఆ 506 వస్తుంది. ఆ పట్టీ వరసగా నిలబెట్టిన రోలర్ల జతల మధ్య నుంచి వెళుతూ అంచులు కొంచెం కొంచెంగా లేచి, చివరికి పైన సన్నని సందు మాత్రమే మిగిలిన గొట్టం అవుతుంది. ఇదంతా చల్లటి ఉక్కు మీదే. మిల్లు ఆగకుండా నడవాలి కాబట్టి ఒక కాయిల్ చివరను తర్వాతి కాయిల్ మొదటికి అతికిస్తారు. ఆ అడ్డ అతుకు ఉన్న భాగాన్ని తర్వాత కోసి పారేయాలి.

అసలు పని జరిగేది అంచులు కలిసే చోట. ఆ రెండు అంచులూ 3 నుంచి 7 డిగ్రీల సన్నని కోణంలో ఒకదానికొకటి దగ్గరవుతుంటాయి. చుట్టూ రాగి చుట్ట ఉంటుంది. అందులో 200 నుంచి 400 కిలోహెర్ట్జ్ దాకా పౌనఃపున్యం ఉన్న విద్యుత్తు పారుతూ, తాకకుండానే ఉక్కులోనూ విద్యుత్తు పుట్టిస్తుంది. అంత వేగంగా దిశ మార్చుకునే విద్యుత్తు లోహం లోతుకు దిగదు, పై పొరనే పట్టుకుని పాకుతుంది. పైగా ఎదురెదురు అంచుల్లో వ్యతిరేక దిశల్లో పారుతుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి ఆకర్షించుకున్నట్టుగా అంచుల కొసనే గుమిగూడతాయి. ఫలితంగా మొత్తం పట్టీ కాకుండా, అంచున సుమారు ఒక మిల్లీమీటరు లోతు మాత్రమే కరిగే వేడికి చేరుతుంది. వెంటనే రెండు పక్కల రోలర్లు గట్టిగా నొక్కుతాయి. అంచుల మీద ఉన్న కరిగిన ఉక్కు, ఆక్సైడు పొర రెండూ పైకీ లోపలికీ గట్టులా పొంగి బయటపడతాయి. దాన్నే బీడ్ అంటారు. మీ పైపు మీద అది కనిపించకపోవడానికి కారణం, ఇంకా ఎర్రగా ఉండగానే చాకులాంటి పనిముట్టుతో బయటి బీడ్‌ను చెక్కేస్తారు. లోపలిదాన్ని కూడా చాలా మిల్లులు చెక్కుతాయి. వేలుతో తడిమితే సన్నని గీత తగులుతుంది.

అంటే ఇక్కడ అతుకు నాణ్యత, పోసిన లోహంలో లేదు. బయటికి నెట్టిన మురికిలో ఉంది. ఆక్సైడు పొర పూర్తిగా బయటికి పోతే మిగిలేది ఉక్కు, ఉక్కు మాత్రమే. పోకపోతే రెండు అంచుల మధ్య కాగితం పెట్టి మూసినట్టు ఉంటుంది. మీరు చూసిన తుడిచిన పలక అదే. మిల్లులో దీన్ని కోల్డ్ వెల్డ్ అంటారు. అంచులు ఒకదానికొకటి తాకాయి, కానీ ఒక్కటి కాలేదు.

కొలబద్ద:
చాలా స్పష్టంగా చెప్పారు. కానీ అదే మిల్లులో, అదే రోజు చేసిన మరో పైపు రింగును పూర్తిగా గోడలు కలిసేదాకా నొక్కినా ఏమీ కాలేదు. ఒక్క పైపులోనే ఎలా వస్తుంది?

నిప్పురవ్వ:
అక్కడే అసలు తమాషా. పైపు లోపల, వెల్డింగ్ జరిగే చోట, ఇంపీడర్ అనే ఒక కడ్డీ వేలాడుతూ ఉంటుంది. ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థం ముక్కలను గొట్టంలో పెట్టి నీళ్లతో చల్లబరుస్తుంటారు. విద్యుత్తు పైపు లోపలి గోడ చుట్టూ వృథాగా తిరగకుండా అంచుల వైపుకు మళ్లించడం దాని పని. ఫెర్రైట్ పగిలినా, నీళ్లు సరిగ్గా అందక బాగా వేడెక్కినా అయస్కాంత గుణం పోతుంది. మీటర్లో కరెంటు మామూలుగానే కనిపిస్తుంది, అంచుకు మాత్రం వేడి తగ్గిపోతుంది. ఆపరేటరు గమనించి సరిచేసేలోగా మిల్లు నిమిషానికి పదుల మీటర్లు పోతుంది. అలా నాలుగైదు పైపుల్లో మాత్రమే ఈ జబ్బు వస్తుంది.

ఇంకొకటి, లైను ఆగినప్పుడు. రాగి చుట్ట కింద నిలిచిపోయిన ముక్క సరిగా అతకదు. దాన్ని గుర్తు పెట్టి కోసి తీసేయాలి. తీసేయకపోతే మంచి పైపుల మధ్యలో దొంగలా చేరుతుంది. పట్టీ అంచు చీల్చేటప్పుడు ముళ్లులా లేచినా, వెడల్పు కొంచెం తగ్గి రోలర్ల నొక్కుడు చాలకపోయినా ఇదే ఫలితం.

విచ్చుకున్న ముఖాన్ని లెన్సుతో మళ్లీ చూడండి. మొత్తం చదునుగా, బూడిద రంగులో ఉంటే వేడి గానీ నొక్కుడు గానీ చాల్లేదు. ముఖమంతా బాగానే చిరిగి, అక్కడక్కడ చదునైన మచ్చలు ఉంటే చిక్కుకుపోయిన ఆక్సైడు. పగులు అతుకు గీతను కాకుండా దాని పక్కనుంచి కొక్కెంలా వంగి వెళితే తప్పు వెల్డింగుది కాదు. కాయిల్‌లోనే సాగిపోయి ఉన్న మలినాలను వెల్డింగ్ నొక్కుడు పైకి వంచిందని అర్థం.

పాతకాపు:
ఇన్ని రకాల జబ్బులు వచ్చే వస్తువును ఎందుకు కొనాలి, నా ప్రశ్న అదే.

ఫ్లక్స్ బస్తా:
పాతకాపు గారూ, అతుకు లేని పైపులో జబ్బులు లేవనుకోకండి. వేడి ఉక్కు కడ్డీని మొనదేలిన ఇనుప ముక్కతో పొడిచి చేసేది అది. మొన పక్కకు జరిగితే ఒక వైపు గోడ మందంగా, మరో వైపు పలచగా వస్తుంది. చదునుగా చుట్టిన పట్టీ మందం అంతకంటే ఎంతో నిలకడగా ఉంటుంది. ప్లాంటు పైపులకు వాడే ఏఎస్‌ఎంఈ బి31.3 నియమావళిలో, బలం లెక్కించేటప్పుడు ఈఆర్‌డబ్ల్యూ అతుకుకు 0.85 గుణకం, అతుకు లేనిదానికి 1.0 ఇస్తారు. అది అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత ఉన్న చోట ముఖ్యం. ఇక్కడ 10 బార్ నీళ్లు. 168.3 వ్యాసం, 7.1 మందం మీద లెక్కిస్తే గోడలో ఒత్తిడి 12 మెగాపాస్కల్ మాత్రమే. దీనికి అతుకు లేని పైపు కొనడం పాలేరుకు పట్టుబట్టలు కట్టించినట్టు ఉంటుంది.

కొలబద్ద గారు రేపు పెద్ద వ్యాసాలు చూడాల్సి రావచ్చు కాబట్టి రెండు మాటలు. ఇంచుమించు 600 మిల్లీమీటర్లు దాటాక ఈఆర్‌డబ్ల్యూ కనిపించదు. అక్కడ సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ వెల్డింగ్, అంటే మా వృత్తి. పలక అంచులను చెక్కి, పెద్ద ప్రెస్సులో ముందు ఆంగ్ల యు అక్షరంలా, తర్వాత ఓ అక్షరంలా వంచుతారు. లేదా అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వంచుకుంటూ పోతారు. తాత్కాలికంగా టాకు వేశాక మొదట లోపలి నుంచి, తర్వాత బయటి నుంచి వెల్డ్ చేస్తారు. ఇక్కడ తీగ కరిగి లోహం నిండుతుంది. నిప్పు మాత్రం కనిపించదు, పైన ఫ్లక్స్ (కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడే పొడి) రేణువుల దుప్పటి. లోపలి కుట్టూ బయటి కుట్టూ మధ్యలో ఒకదానిలో ఒకటి దిగి ఉండాలి. లేకపోతే మధ్యలో అతకని గీత మిగులుతుంది. చివరగా లోపలికి ఒక యంత్రాన్ని దింపి, పైపును కొద్ది కొద్దిగా పొడవునా సాగదీసి గుండ్రంగా చేస్తారు. చుట్టుకొలత ఇంచుమించు ఒక శాతం పెరుగుతుంది. బలహీనమైన కుట్టు ఉంటే అప్పుడే బయటపడుతుంది, అది నాకు ఇష్టం.

స్పైరల్ పైపుది వేరే తెలివి. ఒకే వెడల్పు పట్టీని ఎంత ఏటవాలుగా తిప్పితే అంత పెద్ద వ్యాసం వస్తుంది. 1500 మిల్లీమీటర్ల పట్టీతో 1000 మిల్లీమీటర్ల పైపు చేయవచ్చు. దానికి మూల్యం కుట్టు పొడవు. 12 మీటర్ల పైపులో కుట్టు దాదాపు 25 మీటర్లు ఉంటుంది. తనిఖీ చేయాల్సిందీ అంతే.

కొలబద్ద:
ధన్యవాదాలు. హైడ్రో టెస్ట్ ముచ్చట మాత్రం ఇంకా మిగిలింది.

నిప్పురవ్వ:
దానికి సూత్రం చిన్నది: పీడనం = 2 × గోడలో ఒత్తిడి × మందం ÷ బయటి వ్యాసం. మీ పైపుకు గోడలో 150 మెగాపాస్కల్ రావాలంటే నీటిని దాదాపు 127 బార్ దాకా నొక్కాలి. ఆ పీడనాన్ని నిలబెట్టేది కనీసం 5 సెకన్లు. అతుకు ముఖాల్లో కొన్ని చోట్ల మాత్రమే ఉక్కు ఒక్కటై ఉన్నా, ఆ నేరు లాగుడుకు 5 సెకన్లు తట్టుకోవచ్చు. కారడమూ ఉండదు, ఎందుకంటే ముఖాలు గట్టిగా ఆనుకునే ఉన్నాయి. ప్రెస్సు కింద జరిగేది వేరు. అక్కడ అతుకు బయటి అంచు ఉక్కు శాశ్వతంగా వంగేదాకా సాగుతుంది, ఆ దశకు హైడ్రో టెస్ట్ తీసుకెళ్లదు. నీళ్ల పరీక్ష కారేదాన్ని పట్టుకుంటుంది, అతకనిదాన్ని కాదు. అందుకే అతుకుకు రింగు నొక్కుడూ, పొడవునా అల్ట్రాసోనిక్ పరీక్షా ఉండాలి. లైనులో 12 మెగాపాస్కల్ అయినా, పంపు ఆగినప్పుడల్లా నీటి దెబ్బ, వంగుడు, నీటి తుప్పు అన్నీ ఆ గీతనే వెతుక్కుంటాయి. నేనైతే ఆ పైపును లోపలికి తీసుకోను.

ఇంకొక పని చేయండి. విచ్చుకోని రింగు ఒకటి తీసుకుని అడ్డంగా కోసి, నున్నగా రుద్ది, ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్ పూయించండి. లాబ్‌లో ఉంటుంది. ఎ53 గ్రేడ్ బి అతుకును వెల్డింగ్ తర్వాత కనీసం 540 డిగ్రీలకు వేడి చేయాలి, లేదంటే వేడి ఉక్కు గబుక్కున చల్లారితే ఏర్పడే పెళుసైన మార్టెన్‌సైట్ మిగలకుండా మరో విధంగా చూడాలి. చాలా మిల్లులు ఇంకా పైకి, 900 దాకా తీసుకెళతాయి. పూత తర్వాత ఆ వేడి తగిలిన పట్టీ రంగు తేడాగా కనిపిస్తుంది. అది అతుకు గీతకు సరిగ్గా నడిమధ్యన ఉందా, పక్కకు జరిగిందా చూడండి. రోలర్ల మధ్య పైపు కాస్త తిరిగితే, వేడి చేసే యంత్రం ఖాళీ గోడను వేడి చేస్తూ పోతుంది.

కొలబద్ద:
పూయించాను. వేడి పట్టీ అతుకు నుంచి 9 మిల్లీమీటర్లు పక్కకు ఉంది. ఇది అదే రోజు చేసిన, విచ్చుకోని పైపుదే.

నిప్పురవ్వ:
అయితే రెండు లోపాలు. మిల్లుకు రాసేటప్పుడు వేరువేరుగా రాయండి. కోల్డ్ వెల్డ్ మొదటి పైపుది. వేడి పట్టీ జరగడం బహుశా ఆ షిఫ్టు మొత్తానిది. హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత సంఖ్య), తయారీ తేదీ, షిఫ్టు ప్రకారం పైపులను గుంపులుగా వేరు చేయండి. ఆ గుంపులో ప్రతి పైపు రెండు కొసల నుంచీ రింగులు తీయండి, ఒకటి అతుకు పక్కన పెట్టి, ఒకటి పైన పెట్టి నొక్కండి. మధ్య భాగానికి అల్ట్రాసోనిక్ చేయించండి, రింగు కొసల సంగతే చెబుతుంది కదా. రింగు కోసిన వెంటనే పైపు నంబరూ ఏ కొసో పంచ్‌తో కొట్టండి. సుద్దతో రాస్తే ప్రెస్సు నూనెకు చెరిగిపోతుంది.

కొలబద్ద:
సుద్దతోనే రాశాను. ఇప్పటికే రెండు రింగులు ఏవి ఏవో తెలియడం లేదు. మళ్లీ కోస్తున్నాను.