డైనోసార్ ఎముకున్న రాయి దొరికింది, ఎముక బయటికి తీయాలా, రాయితో సహా ఉంచాలా?

రాళ్ళపిచ్చి_డెన్వర్:
అందరికీ నమస్తే. పోయిన నెల పశ్చిమ కొలరాడోలో తెలిసినాయన రాంచ్‌కి వెళ్ళాం. వానకి గుట్ట మీద నుంచి జారిపడ్డ రాళ్ళలో ఒకటి కంటపడింది, ఆయన "పట్టుకెళ్ళు" అన్నాడు. రెండు చేతులతో ఎత్తాల్సినంత ఇసుకరాయి, అందులోంచి జానెడు ఎముక సగం పైకి తేలి ఉంది, విరిగిన చోట లోపలంతా తేనెపట్టులా గదులు గదులు. అక్కడి రాతిపొర పేరు మోరిసన్, దాదాపు 15 కోట్ల ఏళ్ళ నాటిదని చదివాను. సమస్య ఏంటంటే ఎన్నాళ్ళు ఎండకీ మంచుకీ పడి ఉందో గానీ ఎముక పైన పెచ్చులు లేస్తున్నాయి, తుడిస్తే గుడ్డకి పొడి వస్తోంది. మా ఆవిడేమో రాయి కొట్టేసి ఎముక ఒక్కటే పాలిష్ పట్టిద్దాం అంటోంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, చూడగానే సాలగ్రామం పక్కన పెట్టమంది. ఏం చేయమంటారు?

కోటసారస్:
అమ్మగారు అన్నదాంట్లో వింతేం లేదండీ, గండకీ నది సాలగ్రామాల్లో చాలావరకు అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న పాతకాలపు సముద్రజీవి) శిలాజాలే, అవీ జురాసిక్ కాలానివే.

రాయి మాత్రం కొట్టకండి. పెచ్చులు లేచే ఎముకని ఇన్నాళ్ళూ పట్టి ఉంచింది ఆ రాయే, దాని మీద ఉలి పడితే ముందు పగిలేది ఎముక. పెళుసెక్కిన ఎముకని గట్టిపరచడానికి మ్యూజియం వాళ్ళు వాడే పారలాయిడ్ బీ-72 అని ఒకరకం ప్లాస్టిక్ గుళికలు దొరుకుతాయి. 100 మి.లీ. అసిటోన్‌లో 5 గ్రాములు వేసి గాజు సీసాలో మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే కరుగుతుంది. నీళ్ళలా పల్చగా ఉండాలి, చిక్కగా చేస్తే లోపలికి ఇంకకుండా పైన ప్లాస్టిక్ పూతలా మెరుస్తూ ఉండిపోతుంది. ఎముక పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో చుక్కలు చుక్కలుగా తాగించండి, తాగడం మానేసినప్పుడు మీరూ ఆపేయండి. రేపు వద్దనుకుంటే మళ్ళీ అసిటోన్‌తోనే కరిగిపోతుంది, ఫెవికాల్, వార్నిష్ లాంటివాటితో ఈ సుఖం లేదు. గరాజ్ తలుపు తీసి చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు. కడగడం అసలే వద్దు, బంకమట్టి ఉంటే నీళ్ళకి రాయి ఉబ్బి విచ్చుకుంటుంది.

సానరాయి:
అందరూ మ్యూజియం కబుర్లే. అన్నా, అది వాతావరణానికి అరిగిపోయిన ముక్క, దాన్ని చూసి ఏ జంతువో కూడా ఎవరూ చెప్పలేరు. లోపలి గదుల్లో రంగురాయి నిండి ఉంటే కోసి పాలిష్ పడితే అద్భుతంగా ఉంటుంది, అమెరికాలో ఉంగరాల్లో కూడా పొదుగుతారు. వదినగారి మాట వినండి.

కోటసారస్:
@సానరాయి పొడి రాలే ముక్కకి పాలిష్ ఎక్కడ నిలుస్తుంది బాబూ? పైగా పశ్చిమ కొలరాడోలో ఇదే రాతిపొరలో యురేనియం తవ్వారు, అక్కడి ఎముకలు కొన్ని దాన్ని పీల్చుకుని రేడియేషన్ ఇస్తాయి. కోస్తే ఆ దుమ్ము, దాంతోపాటు ఇసుకరాయి దుమ్ము, రెండూ ఊపిరితిత్తుల్లోకే. టెన్షన్ పడక్కర్లేదు గానీ ఒకసారి రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్‌తో చూసుకోండి. లెక్క ఎక్కువ చూపిస్తే పడకగదిలో పెట్టొద్దు, గాలాడని గాజు పెట్టెలో అసలు పెట్టొద్దు, యురేనియం నుంచి పుట్టే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పోగవుతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

యూటా_ప్రయాణి:
రాయితో ఉంచితే ఎలా ఉంటుందో చూడాలంటే మీకు దగ్గరే, యూటాలో డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌కి వెళ్ళండి. 1909లో ఎర్ల్ డగ్లస్ కనిపెట్టిన చోటు, దాదాపు 1,500 ఎముకలు ఏటవాలు రాతిగోడలో ఎక్కడివక్కడే వదిలి చుట్టూ భవనం కట్టారు. అదీ మీ మోరిసన్ పొరే. మన హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని నిలబెట్టారు కదా, అది చూస్తే జంతువు తెలుస్తుంది, ఈ గోడ చూస్తే అవి వరదకి కొట్టుకొచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డ తీరు తెలుస్తుంది. ఇంట్లో అయితే దీపం ఎదురుగా కాకుండా పక్కనుంచి, కిందగా పడేలా పెట్టండి, అప్పుడే ఎముక గరుకూ రాతి గరుకూ విడివిడిగా కనిపిస్తాయి. బరువంతా ఎముక మీద పడకుండా రాయి కింద ఫోమ్ పరవండి.

ఇంకోటి, ఆ స్థలం ఆయన సొంతమేనని రాయించుకున్నారా? ప్రభుత్వ భూమిలోంచి వెన్నెముక జీవుల శిలాజం పర్మిట్ లేకుండా తీస్తే, 2009 చట్టం ప్రకారం నేరం. రాలిపడిన ముక్క అయినా అంతే.

రాళ్ళపిచ్చి_డెన్వర్:
సొంతమే, నిన్న ఫోన్ చేస్తే కాగితం రాసి పంపుతానన్నాడు. పాలిష్ ఆలోచన మా ఆవిడ కూడా మానుకుంది, యురేనియం మాట విన్నాక రాయిని వంటింటి దరిదాపులకి రానివ్వడం లేదు. కానీ నేను గుళికలు ఆర్డర్ చేసేలోపు అమ్మ ఎముకకి కుంకుమ బొట్టు పెట్టేసింది. అసిటోన్‌తో తుడవనా?

కోటసారస్:
వద్దు, రంగు ఇంకా లోపలికి దిగుతుంది. పొడి బ్రష్‌తో వచ్చినంత తీసేయండి, బీ-72 పట్టించాక మిగిలింది అక్కడే ఉండిపోతుంది. లేబుల్ మీద ఊరు, తేదీ, రాతిపొర పేరు రాస్తారు కదా, దాని కిందే బొట్టు సంగతి కూడా రాసి పెట్టండి.