సంచి మధ్యలో కొత్తిమీర కుళ్లిపోతోంది, సలహా ఇవ్వగలరు

విశాఖపట్నం దగ్గర ఆనందపురం మండలంలో 30 సెంట్లలో కొత్తిమీర పండించి, ఎంవీపీ కాలనీ రైతుబజారులో స్వయంగా అమ్ముకుంటున్నాను. సాయంత్రం 4 గంటలకు వేళ్లతో సహా పీకి, మట్టి పోయేలా కడిగి, కట్టలు కట్టి, తడి గోనె సంచుల్లో సర్ది, తెల్లవారుజామున 4 గంటలకు ఆటోలో బయలుదేరుతాను. రైతుబజారులో సంచి విప్పితే పైవరుస కట్టలు నిగనిగలాడుతుంటాయి గానీ, మధ్యలో చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. అక్కడి ఆకు పసుపు తిరిగి, కాడలు జిగురుపట్టి, వాసన వేస్తుంటాయి. పది కట్టల్లో రెండు మూడు పారబోయవలసి వస్తోంది. చేతులారా పెంచిన పంట కనుక చాలా బాధగా ఉంది.

పీకిన తరువాత కూడా ఆకు శ్వాసిస్తూ వేడిని విడుదల చేస్తుంది కాబట్టి, గోనె సంచులు మాని రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేట్లు వాడి చూశాను. కుళ్లు తగ్గింది, కానీ దారిలో గాలి తగిలి ఆకు వడలిపోయింది. ఐసు ముక్కలు వేసి చూస్తే, అవి తగిలిన చోట ఆకు నల్లబడింది. కడగకుండా తెస్తే, మట్టి వేళ్లను చూసి కొనేవారు ముందుకు రాలేదు. తెల్లవారుజామున పీకడానికి కూలీలు దొరకరు.

శీతల గది లేకుండా, ఈ 12 గంటల పాటు కట్టల మధ్య వేడి చేరకుండానూ ఆకు వడలకుండానూ ఉండేందుకు, ఆకుకూరలు పండించి అమ్మేవారు ఏ పద్ధతిలో సర్దుతున్నారు?