పిల్లల సంగీతానికి పోటీలు మేలు చేస్తాయా, చేటు చేస్తాయా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

నేను 22 ఏళ్లుగా పిల్లలకు గాత్రం నేర్పుతున్నాను. ఈ చర్చను మొదలుపెట్టడానికి కారణమైన సంగతిని ముందు చెబుతాను. నా దగ్గర మూడేళ్లుగా నేర్చుకుంటున్న 9 ఏళ్ల పాప ఒకతి దసరాకు ఒక పోటీలో పాడింది. న్యాయనిర్ణేతగా కూర్చున్నవారు అందరి ఎదుట మైకులో, ‘శ్రుతి నిలబడటం లేదు, ఇంకా మొదటి పాఠాలైన సరళీ స్వరాలే చదువుకోవాలి’ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ తరువాతి పాఠం నుంచి ఆ పాప పదిమందితో కలిసి పాడేటప్పుడు పెదవులు మాత్రమే కదుపుతోంది. గొంతు బయటికి రావడం లేదు. అంతకుముందు పాఠం అయిపోయినా లేచేది కాదు, ‘ఇంకొక్కసారి గీతం పాడదామండీ’ అని అడిగేది.

నా వాదం ఇది: 12 ఏళ్లు నిండేవరకు పిల్లలను సంగీత పోటీలకు పంపకూడదు, మార్కుల పరీక్షలకు కూర్చోబెట్టకూడదు. సంగీతం పిల్లల స్వభావాన్ని తీర్చిదిద్దుతుందని నేను నమ్ముతాను. ఆ పని ఎక్కడ జరుగుతుందో నా కళ్లతో చూస్తున్నాను కాబట్టే ఈ మాట అంటున్నాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడిస్తాము కదా. ఆదితాళం ఒక ఆవృతానికి, అంటే ఒక చుట్టుకు, మొదటి కాలంలో 8 స్వరాలు, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32 వస్తాయి. నోరు ఎంత పరుగెత్తినా తాళం వేసే చెయ్యి మాత్రం వేగం మార్చకూడదు. కొత్తగా చేరిన పిల్లలకు రెండో కాలం రాగానే చెయ్యి కూడా నోటి వెంట పరుగెత్తుతుంది. పక్కన కూర్చున్నవారి తాళం చూసుకుని తనను తాను నిలుపుకోవడానికి ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. తొందరపడే స్వభావం ఉన్న పిల్లవాడు తన చేతిని తానే అదుపులో పెట్టుకోవడం నేర్చిన రోజున, ఆ ముఖంలో కనిపించే సంతోషం బహుమతి తెచ్చేది కాదు. పోటీ తేదీ దగ్గరపడితే మొదట బలయ్యేది ఈ ఓపికే. ఒకే కృతిని బట్టీ పట్టించి పంపుతాము.

రెండో కాలం (హైదరాబాద్):

అమ్మా, మీ శిష్యురాలికి జరిగినది బాధాకరం. అయితే ఒక న్యాయనిర్ణేత చేసిన పొరపాటుకు పోటీలనన్నింటినీ నిషేధించమనడం నాకు సమ్మతం కాదు. మా అబ్బాయికి 11 ఏళ్లు. ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సు చదువుతున్నాడు. నాలుగేళ్ల ఆ కోర్సు తరువాత రెండేళ్ల డిప్లొమా ఉంటుంది. పరీక్ష లేని రోజుల్లో వాడు శ్రుతి పెట్టె మూత కూడా తీయడు. పరీక్ష తేదీ ప్రకటించగానే తెల్లవారుజామున తనంతట తానే లేచి వర్ణం రెండు కాలాల్లో పాడుకుంటాడు. గడువు అనేది పెద్దలకు ఎంత అవసరమో, పిల్లలకూ అంతే అవసరం.

ఇంకొక మాట. క్రికెట్‌లో ఓడిన పిల్లవాడికి ‘వచ్చేసారి గెలుద్దువులే’ అని చెప్పే మనమే, సంగీతంలో ఓడితే వాడి మనసు గాజుబొమ్మ అని ఎందుకు భావిస్తాము? ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చిన్నతనంలో శరన్నవరాత్రి ఉత్సవాల్లో విద్వాంసులతో పోటీకి దిగి, ఓడి నవ్వులపాలయ్యారని, ఆ పట్టుదలతోనే శాస్త్రీయ సంగీతం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారని చెబుతారు. ఆనాడు ఎవరైనా ఆయనను ‘నీకింకా వయసు రాలేదు’ అని ఆపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 1996లో టీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు చిన్న ఊళ్ల నుంచి వచ్చిన గొంతులను రాష్ట్రమంతా విన్నది. తెలిసినవారు లేని కుటుంబానికి పోటీ ఒక్కటే తలుపు. ఆ కార్యక్రమాన్ని నడిపిన బాలసుబ్రహ్మణ్యం గారు తప్పును పాడినవారు నొచ్చుకోకుండా చెప్పేవారు. కాబట్టి మార్చవలసినది తప్పు చెప్పే తీరును, పోటీని కాదు.

కొలతబద్ద (బెంగళూరు):

మీ ఇద్దరి వాదాలకూ పునాది ఒకటే: సంగీతం గుణాన్ని పెంచుతుంది. ఆ పునాదినే కొంచెం తట్టి చూడాలని నా మనవి. సంగీతం మీద గౌరవం లేక కాదు, నేనూ పదేళ్లు వీణ నేర్చుకున్నాను.

1993లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. మొజార్ట్ స్వరరచనను పది నిమిషాలు విన్న కళాశాల విద్యార్థులు, ఆ వెంటనే ఇచ్చిన, ఆకారాలను మనసులో ఊహించుకుని చేసే ఒక రకం పరీక్షలో కొద్దిసేపు మెరుగ్గా రాణించారని దాని సారాంశం. అందులో పసిపిల్లలు లేరు, సంగీతం నేర్పడమూ లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు అప్పుడే పుట్టిన శిశువులందరికీ సంగీతం సీడీలు పంచే పథకం పెట్టారు. ఆశ ఎక్కువైతే సాక్ష్యం ఎంత సాగుతుందో చూడండి.

తరువాత జాగ్రత్తగా చేసిన పనులు కూడా ఉన్నాయి. 2004లో షెల్లెన్‌బర్గ్ అనే పరిశోధకుడు టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లలను నాలుగు బృందాలుగా విభజించి, రెండు బృందాలకు సంగీతం, ఒక బృందానికి నాటకం నేర్పించి, నాలుగో బృందానికి ఆ ఏడాది ఏమీ నేర్పించకుండా పోల్చి చూశారు. సంగీతం నేర్చినవారి తెలివితేటల కొలతలో సగటున 7 పాయింట్లు, మిగిలినవారిలో 4.3 పాయింట్లు పెరుగుదల కనిపించింది. కానీ నలుగురితో మెలిగే తీరు మెరుగుపడినది నాటకం నేర్చిన పిల్లల్లో, సంగీతం నేర్చిన పిల్లల్లో కాదు. ఆ తెలివితేటల లాభం కూడా నిలవడం కష్టమే. 2020లో సాలా, గోబే అనే పరిశోధకులు 54 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, పోలికకు పెట్టుకున్న బృందానికి కూడా ఏదో ఒక వ్యాపకం నేర్పిన కట్టుదిట్టమైన అధ్యయనాల్లో చదువుకు గాని, జ్ఞాపకశక్తికి గాని కలిగిన లాభం దాదాపు శూన్యమని తేలింది.

అయితే గోదావరి గట్టు గారి పక్షాన చెప్పవలసినది ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2010లో కిర్ష్‌నర్, టొమసెల్లో అనే పరిశోధకులు జర్మనీలో 96 మంది నాలుగేళ్ల పిల్లలను జంటలుగా చేసి, కొందరి చేత కప్పలు, చెరువు ఆటను కలిసి పాడుతూ ఆడించారు, కొందరి చేత అదే ఆటను పాట లేకుండా ఆడించారు. తరువాత తోటివాడి గోళీలు కిందపడినప్పుడు, కలిసి పాడిన పిల్లలు ఎక్కువగా సాయానికి వెళ్లారు. గమనించండి, వారు పాడినది ఒకరి మీద ఒకరు గెలవడానికి కాదు, ఎవరు బాగా పాడారని ఎవరూ అడగలేదు. గుణానికి సంబంధించి నాకు నమ్మకం కలిగించే సాక్ష్యం కలిసి పాడటం వైపే ఉంది. ఎంతో ఖర్చుపెట్టి నేర్పే ఒంటరి సాధన వైపు గాని, బహుమతుల వైపు గాని నాకు అది కనిపించలేదు.

వయొలిన్ తల్లి (డాలస్):

మా అమ్మాయి ఐదేళ్ల వయసు నుంచి సుజుకి పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది, శనివారాలు కర్ణాటక గాత్రానికి కూడా వెళుతోంది. ఇక్కడ చర్చిస్తున్న విషయం ఆ పద్ధతికి ప్రాణం వంటిది కాబట్టి రాస్తున్నాను.

షినిచి సుజుకి 1898లో జపాన్‌లోని నగోయాలో పుట్టారు, తండ్రికి వయొలిన్ల కర్మాగారం ఉండేది. యుద్ధం ముగిశాక 1946లో మత్సుమోతో పట్టణంలో పిల్లలకు నేర్పడం ప్రారంభించారు. జపాన్ పిల్లలందరూ జపనీస్ అంత సులువుగా ఎలా మాట్లాడుతున్నారన్నదే ఆయనకు తోచిన ప్రశ్న. తల్లి మాటలను బిడ్డ వేలసార్లు వింటుంది, తప్పు పలికినా ఇంట్లోవారు సంతోషిస్తారు, ఎవరూ ‘ఈ బిడ్డకు మాతృభాషలో ప్రతిభ లేదు’ అనరు. సంగీతం కూడా అలాగే అబ్బాలన్నది ఆయన పద్ధతి. నేర్చుకోబోయే పాటను ముందు చాలాకాలం వింటారు. తల్లో తండ్రో పాఠంలో పక్కన కూర్చుంటారు, మొదట్లో తామూ వయొలిన్ పట్టుకుని నేర్చుకుంటారు. వాద్యగాళ్లను తయారుచేయడం తన ధ్యేయం కాదని, మంచి మనసున్న మనుషులను పెంచడమే తన ధ్యేయమని ఆయన జీవితాంతం చెప్పారు. చిన్న పెద్ద అన్న తేడా లేకుండా పిల్లలంతా ఒక్కసారిగా వాయించే సభలు ఆయన పెట్టినవే. నిన్న చేరినవారికి కూడా వచ్చిన మొదటి పాటతో ఆ సభ ముగుస్తుంది, అప్పుడు అందరి కమానులూ ఒకే వైపు కదులుతాయి. నేను ఏటా చూస్తాను, ఏటా కళ్లు చెమరుస్తాయి.

కానీ నిజం దాచకూడదు. ఈ పద్ధతిలో వయొలిన్‌కు పది పుస్తకాలు ఉన్నాయి. పోటీ లేని ఈ బడిలో తల్లిదండ్రులు కలుసుకోగానే అడిగే మొదటి ప్రశ్న, ‘మీ అమ్మాయి ఎన్నో పుస్తకంలో ఉంది?’ అన్నదే. నేనూ అడిగాను. రెండేళ్ల క్రితం మా అమ్మాయి మూడో పుస్తకంలో ఆరు నెలలు ఆగిపోయినప్పుడు నేను పక్క పిల్లవాడి పేరెత్తి మందలించాను. అది పోటీ కాకపోతే మరేమిటి? కాబట్టి పోటీలను నిషేధించినంత మాత్రాన పోటీ పోదని నా అనుభవం. అది పెద్దల మాటల్లో నుంచి ఇంట్లోకి వస్తుంది. అక్కడ పిల్లకు మైకులో మాట్లాడే న్యాయనిర్ణేత ఉండడు, తల్లి ఉంటుంది. ఆ దెబ్బ ఇంకా పెద్దది.

విజయనగరవాసి:

రెండో కాలం గారు ఘంటసాల గారి కథను సగంలో ఆపారు. మిగతా సగం మా ఊళ్లో జరిగింది కాబట్టి చెప్పడం నా ధర్మం.

పట్టుదలతో విజయనగరం వచ్చిన ఆ పిల్లవాడికి ఇక్కడ నీడ లేదు. వారాలు చేసుకుని, అదీ సాగక జోలెతో మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు. ఆ రోజుల్లో అతన్ని చేరదీసి, తన ఇంట ప్రతిఫలం ఆశించకుండా పాఠం చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. నవ్వులపాలైన పిల్లలు ఆ కాలంలోనూ ఎందరో ఉండి ఉంటారు. వారిలో ఘంటసాల నిలిచాడంటే అవమానానికి ఒక్కదానికే ఆ ఘనతను ఎలా కట్టబెడతాము? గురువు చెయ్యి లేకపోతే ఆ పట్టుదల ఏ గట్టున చేరేదో.

మా మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 26 ఏళ్ల వయసులో అక్కడికి విద్యార్థిగా చేరాలని వస్తే, ఆయన వాయింపు విని ఆచార్యుడిగానే నియమించారని మా ఊరివారు చెప్పుకుంటారు. అక్కడ జరిగినది కూడా పరీక్షే. కాని మార్కులు వేయడానికి కాక వినడానికి కూర్చున్నవారు పెట్టిన పరీక్ష అది. ఇంతకంటే నాకు చెప్పవలసినది లేదు.

రెండో కాలం (హైదరాబాద్):

విజయనగరవాసి గారి సవరణను అంగీకరిస్తున్నాను, ఆ రెండో సగం నేను చెప్పి ఉండవలసింది. డాలస్ నుంచి రాసిన అమ్మగారి మాట కూడా నన్ను ఆలోచనలో పడేసింది. మా అబ్బాయి పరీక్షకు చదివే రోజుల్లో వాడితో నేను మాట్లాడేదంతా మార్కుల గురించేనని, పాట గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని ఇది రాస్తుండగా తెలుస్తోంది.

అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. గోదావరి గట్టు గారూ, పోటీ వద్దు, పరీక్ష వద్దు అంటారు. బాగుంది. వాటి స్థానంలో ఏమి పెడతారు? వినేవారు లేకపోతే పాడేవారికి ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

న్యాయమైన ప్రశ్న వేశారు. ముందుగా నా వాదాన్ని కొంత మార్చుకుంటున్నాను. 12 ఏళ్లన్న గీత నేను గీసినది, దానికి ఆధారం లేదు. అడిగి, ఇష్టపడి వెళ్లే తొమ్మిదేళ్ల పిల్లను ఆపే హక్కు నాకు లేదు, ఇష్టం లేని పదిహేనేళ్ల పిల్లను పంపే హక్కూ నాకు లేదు. కొలతబద్ద గారు చూపిన లెక్కలను చదివాక, ‘సంగీతం నేర్పిస్తే చదువు బాగా వస్తుంది’ అని తల్లిదండ్రులకు చెప్పడం కూడా మానేస్తాను. ఇన్నేళ్లూ చెప్పాను, అది తప్పే.

ఇక వినేవారి సంగతి. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి వద్ద జరిగే గోష్ఠి గానాన్ని తలచుకోండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ ఐదు కృతులను పేరుమోసిన విద్వాంసులూ, నిన్నమొన్న నేర్చినవారూ ఒకే నేల మీద కూర్చుని, ఒకే శ్రుతిలో పాడతారు. అక్కడ మొదటి బహుమతి లేదు. తప్పు పాడినవాడి గొంతును పక్కవాడి గొంతు సర్దుకుని ముందుకు తీసుకుపోతుంది. భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గమేనా అని ధన్యాసి కృతిలో తన మనసును తానే అడిగిన మహానుభావుడికి ఇంతకంటే తగిన ఆరాధన నాకు తోచదు. ఆరాధన మన ఊళ్లలోనూ జరుగుతోంది. ఏడాదికి ఒకరోజు చేసే దాన్ని నెలకు ఒకరోజు చేయడానికి మనకు అడ్డేమిటి?

నేను చేయదలచినది ఇది. ప్రతి పున్నమి సాయంత్రం మా డాబా మీద పిల్లలూ, వారి అమ్మానాన్నలూ కూర్చుంటారు. మొదట అందరూ, అంటే పెద్దలు కూడా, తాళం వేస్తూ సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడాలి. మూడో కాలంలో తన చెయ్యి ఎలా తప్పుతుందో తండ్రికి ఒకసారి తెలిస్తే, ఆ రాత్రి ఇంటికి వెళ్లాక కొడుకును మందలించే గొంతు మారుతుందని నా ఆశ. ఆ తరువాత పాడాలనుకున్న పిల్లలు ఒక్కొక్క గీతమో, కృతో పాడతారు. విన్నవారు మార్కులు వేయరు, ఏ చోట బాగుందో మాత్రం చెప్పాలి. శ్రుతి తప్పితే ఆ మాట నేను మరునాడు పాఠంలో, తంబుర దగ్గర, ఆ పిల్లకు మాత్రమే వినిపించేటట్టు చెబుతాను. రెండో కాలం గారూ, మీరు కోరిన గడువు కూడా ఇందులో ఉంది. పున్నమి ఎవరి కోసమూ వాయిదా పడదు.

నేను మొదట చెప్పిన పాప ఇంకా పెదవులే కదుపుతోంది. ఆమెను పాడమని అడగను. తంబుర మీటే పని అప్పగించాను, రోజూ అందరికంటే ముందు వచ్చి తీగలు సరిచూస్తోంది.

రెండో కాలం (హైదరాబాద్):

మా అబ్బాయి పరీక్ష వేసవిలో ఉంది, దానికి పంపుతాను, ఎందుకంటే అది వాడు కోరుకున్నది. పై నెలలో జరిగే పోటీకి నేను నింపిన దరఖాస్తు మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది. అది వాడు అడిగినది కాదు. ఈ రాత్రి భోజనాల దగ్గర వాడినే అడుగుతాను.