గ్రీన్‌కార్డు ఉంది, ఇండియాలో ఏడాది దాటితే?

ప్రశ్న (తెనాలి, రిటైర్డ్ టీచర్):
అబ్బాయి స్పాన్సర్ చేస్తే మా ఇద్దరికీ గ్రీన్‌కార్డులు వచ్చాయి. న్యూజెర్సీ చలికి తట్టుకోలేక మొన్న సంక్రాంతికి వచ్చేశాం. ఈలోగా మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంకా మెట్లు ఎక్కలేకపోతోంది. కార్డు గడువు చాలా ఉంది కదా, వచ్చే పండగ దాటాక వెళ్తే ఇబ్బందా? రీఎంట్రీ పర్మిట్‌కి (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి వెళ్లేందుకు ముందే తీసుకునే అనుమతి) ఇక్కడి నుంచే పెట్టుకోవచ్చా?

జవాబు:
మాస్టారూ, కార్డు గడువు వేరు, బయట ఉన్న కాలం వేరు. పర్మిట్ లేకుండా ఏడాది దాటితే ఆ కార్డుతో రావడం కష్టం. ఆ పర్మిట్ దరఖాస్తు ఫారం ఐ-131ని అమెరికాలో ఉన్నప్పుడే పెట్టాలి. పర్మిట్ మామూలుగా 2 ఏళ్లకు ఇస్తారు. వీల్‌చెయిర్ బుక్ చేసుకుని ఏడాదిలోపే వచ్చేయండి. డిశ్చార్జ్ సమ్మరీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి. మనవాళ్లు కాగితాలు చెక్-ఇన్‌లో పడేసి ఆవకాయ చేత్తో మోస్తారు!

మరో జవాబు:
ఏడాది దాటాక కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 వీసా (తిరిగి వెళ్లే గ్రీన్‌కార్డుదారులకు ఇచ్చేది) అడగొచ్చు గానీ, ఆలస్యం మన చేతుల్లో లేదని రుజువు చేయాలి. ఎయిర్‌పోర్టులో గ్రీన్‌కార్డు వదులుకుంటున్నామనే ఐ-407 ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే కంగారుపడి పెట్టేయకండి. ఇమ్మిగ్రేషన్ జడ్జికి చెప్పుకునే హక్కు ఉంది.

ప్రశ్న వేసినవారు:
సరేనండీ, నవంబరు టికెట్లు చూస్తున్నాం. ఈవిడ మాత్రం కార్డు వదిలేసి విజిటర్ వీసా తీసుకుందాం, ఈ టెన్షన్ ఎందుకంటోంది.