మోయాబ్‌లో ఆర్‌వీతో ఉన్నాము: కుక్కను ఏ బాటకు తీసుకెళ్లవచ్చు?

ప్రశ్న (డాలస్ నుంచి):
అందరికీ నమస్కారం. ఆర్‌వీ (లోపలే ఉండి పడుకోగల బండి) అద్దెకు తీసుకుని కుటుంబమంతా యూటాలోని మోయాబ్‌కు వచ్చాము. ఆర్చెస్ నేషనల్ పార్కులోకి కుక్కలను రానిస్తారనే చదివి బయలుదేరాము. తీరా డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణానికి వెళ్లే బాట మొదటికి చేరాక, కుక్కతో అడుగు ముందుకు వేయకూడదని రేంజరు వెనక్కి పంపించారు. వీపుసంచిలో మోసుకెళ్తామన్నా ఒప్పుకోలేదు. పొద్దుటి నుంచి ఫోనులో వెతుకుతూనే ఉన్నాను, ఒకరు రాసినదానికీ మరొకరు రాసినదానికీ పొంతన లేదు. మా కుక్క లడ్డును ఏసీ వేసి ఆర్‌వీలో ఉంచి మేము నడిచి రావచ్చా, లేక దాన్ని కూడా తీసుకెళ్లగల ఎడారి బాటలు దగ్గరలో ఏవైనా ఉన్నాయా? దయచేసి త్వరగా చెప్పగలరు.

డెన్వర్ నుంచి:
కుక్క ఏ జాతిదో, ఆర్‌వీకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో రాయకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఫీనిక్స్ నుంచి:
బాటల సంగతి తరువాత, ముందు సంచిలో వెడల్పాటి పళ్ల దువ్వెన ఉందో లేదో చూసుకోండి. చోయా అనే ముళ్లమొక్క తునక కుక్క కాలికి అంటుకుంటే చేత్తో లాగకూడదు, అది మీ వేళ్లకూ గుచ్చుకుంటుంది. దువ్వెనను తునక కిందికి పోనిచ్చి ఒక్క విదిలింపుతో ఎగరగొట్టి, మిగిలిన ముళ్లను పట్టకారుతో తీయాలి. ర్యాటిల్ స్నేక్ టీకా వేయించారా? ఆ టీకా ఉన్నా పాము కరిస్తే ఆస్పత్రికి పరుగెత్తవలసిందే. అరిజోనా మట్టిలోని బూజు వల్ల వచ్చే వ్యాలీ ఫీవర్ కుక్కలకూ సోకుతుంది. మా ఊరిలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే నగరపాలక సంస్థ బాటల మీదికి కుక్కలను తీసుకురావడమే నిషేధం. ఎడారి అంటే ఏమిటో తెలియకుండా చాలామంది బయలుదేరుతున్నారు.

డెన్వర్ నుంచి:
మీరు చెప్పేది మీ అరిజోనా వైపు సోనోరన్ ఎడారి. వారున్నది యూటాలోని కొలరాడో పీఠభూమి. అక్కడ ఇబ్బంది చోయాతో కాదు, కాలే రాతితో, నీడ లేకపోవడంతో.

ఫీనిక్స్ నుంచి:
ఏడాదికి పది అంగుళాల వాన కూడా పడని చోటును ఎడారి అనే అంటారు. పాములు అక్కడా ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు:
నేను అడిగింది ఎడారికి నిర్వచనం కాదండీ. లడ్డు పగ్ జాతి కుక్క, హచ్ ప్రకటనలో కనిపించే రకం, కాస్త బొద్దుగా ఉంటుంది. కరెంటు హుకప్ (బండికి కరెంటు తీగ తగిలించుకునే ఏర్పాటు) ఉన్న చోటు దొరకలేదు, జెనరేటర్ మీదే నడుపుతున్నాము. నిన్న మధ్యాహ్నం అది రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది కానీ మళ్లీ స్టార్ట్ అయింది. ఇది అంత ముఖ్యమనుకోలేదు.

సాల్ట్ లేక్ నుంచి:
అమ్మా, అసలు విషయం అదే. పగ్ ముక్కు చప్పిడిది. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే వేడిని బయటికి పంపుతాయి. గాలి దారి ఇరుకైన పగ్‌కు ఆ పని సరిగా సాగదు, బొద్దుగా ఉంటే మరీ కష్టం. మీరు బాట మీద ఉండగా జెనరేటర్ ఆగితే ఏసీ ఆగినట్టే, ఎండలో నిలిపిన ఆర్‌వీ చూస్తుండగానే వేడెక్కిపోతుంది. ఫోనుకు హెచ్చరిక పంపే ఉష్ణోగ్రత పరికరాలు ఉన్నాయి కానీ, లోయల్లో సిగ్నల్ అందనప్పుడు ఆ హెచ్చరిక మీకు చేరదు. కాబట్టి దాన్ని ఒంటరిగా వదలవద్దు. పగటిపూట కుక్కలను చూసుకునే కేంద్రాలు మోయాబ్‌లో ఉన్నాయి. రేబిస్ టీకా పత్రం దగ్గర పెట్టుకుని ఫోను చేయండి, లేదా మీ ఇద్దరిలో ఒకరు దానితో ఉండి వంతులవారీగా నడవండి.

ఇక బాటలు. ఆర్చెస్, దగ్గరలోని కేనియన్‌లాండ్స్ నేషనల్ పార్కులు రెండింటిలోనూ కుక్కకు రోడ్లు, పార్కింగ్, క్యాంపు స్థలం వరకే అనుమతి. దగ్గరలోని డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో మాత్రం నడక బాటల మీదికి తీసుకెళ్లవచ్చు, సైకిళ్ల కోసం వేసిన ఇంట్రెపిడ్ బాటల మీదికి కూడదు. అది దాదాపు ఆరు వేల అడుగుల ఎత్తున ఉన్నందున మోయాబ్ కన్నా కొంత చల్లన. అంచున చాలా చోట్ల కంచె ఉండదు, కాబట్టి లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పొట్టిగా పట్టుకోండి. అక్కడి కయెంటా, వింగేట్ క్యాంపు స్థలాల్లో కరెంటు హుకప్ ఉంటుంది, ఎవరైనా రద్దు చేసుకున్నారేమో చూస్తూ ఉండండి. నీళ్లను లారీల్లో తెచ్చుకునే చోటు అది, మీ ట్యాంకు ఊరిలోనే నింపుకోండి.

128వ నంబరు రోడ్డు మీది గ్రాండ్‌స్టాఫ్ కేనియన్ బిఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖ) భూమి, అక్కడా కుక్కలు రావచ్చు. బాట పొడవునా వాగు వెంట ఉంటుంది, ఎన్నోసార్లు దాటాలి, లడ్డు పొట్ట తడుపుకోవచ్చు. చివర్లో రాతి వంతెన కింద తాకితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఐవీ ఉంది, మూడేసి ఆకుల మొక్కల జోలికి పోనివ్వకండి. పగ్‌తో చివరిదాకా వెళ్లాలని పట్టు పట్టవద్దు. తెల్లవారుతూనే బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రండి. నేల మీద మీ అరచేతి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. లాలాజలం జిగటగా మారినా, చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, నడక తూలినా, ఆ క్షణమే ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి విసురుతూ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

హ్యూస్టన్ నుంచి:
ఏ పార్కయినా ప్రభుత్వానిదే కదా, ఒకచోట ఒక రూలు, ఇంకోచోట ఇంకో రూలు ఏమిటి? మేము న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో కుక్కతో ఇసుక తిన్నెలన్నీ తిరిగాము, అది కూడా నేషనల్ పార్కే.

సాల్ట్ లేక్ నుంచి:
నిజమే, అక్కడ లీష్ ఉంటే తిరగనిస్తారు. పేరును బట్టి కాక ప్రతి పార్కుకూ దాని నియమం చూసుకోవాలి. యూటాలోనే ఉన్న జయన్ నేషనల్ పార్కులో పారస్ బాట ఒక్కటే కుక్కలకు. గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్‌లో అంచు వెంట నడవనిస్తారు, లోయలోకి దిగనివ్వరు. ఇక బిఎల్ఎం వేరే శాఖ, స్టేట్ పార్కులు రాష్ట్రానివి.

ఫీనిక్స్ నుంచి:
పాము టీకా గురించి వారింకా సమాధానం చెప్పలేదు.

ప్రశ్న వేసినవారు:
రేపు తెల్లవారుజామున గ్రాండ్‌స్టాఫ్ వాగు దాకా వెళ్తాము. డెలికేట్ ఆర్చ్‌కు మావారు, పిల్లలు సాయంత్రం వెళ్తారు, నేను లడ్డుతో ఊరిలో ఉంటాను. ధన్యవాదాలు. ఈ జెనరేటర్ మాటిమాటికీ ఎందుకు ఆగుతోందో తెలిసినవారు ఉన్నారా?

డెన్వర్ నుంచి:
ఆయిల్ చూడండి. పెట్రోలు పావు ట్యాంకు కన్నా ఎక్కువ ఉందా?